అప్‌లోడ్ కాని సంతకం

నాకు సంతకం పెట్టడం వచ్చి నాలుగేళ్లయింది. అంతకు ముందు ఎక్కడికి పోయినా బొటనవేలు ముందుకు చాచేదాన్ని. యాభై దాటాక మా వాడకట్టు ఆడవాళ్లతో పాటు వయోజన తరగతిలో కూర్చుని అక్షరాలు దిద్దాను. చదవడం వచ్చాక ఊరుకోబుద్ధి కాలేదు. పోయిన ఏడాది దూరవిద్యలో పదో తరగతి పరీక్ష రాద్దామనుకున్నాను. దరఖాస్తు ఫోన్లోనే నింపాలి. నేను కూర్చున్న రోజే ఆఖరు రోజు, సాయంత్రం ఐదు గంటల వరకే గడువు. తప్పితే మళ్లీ ఏడాది ఆగాలి. మా తరగతిలో అట్లా ఒక ఏడాది ఆగినవాళ్లు ఎవరూ మళ్లీ పుస్తకం తెరవలేదు. నేనూ తెరవనేమోనని నా భయం.

పేరు, ఊరు, పుట్టిన తేదీ అన్నీ నేనే టైపు చేశాను. నా ముఖం ఫోటో కూడా ఎక్కింది. మిగిలింది సంతకం ఒక్కటే. తెల్ల కాగితం మీద సంతకం చేసి, దాన్ని ఫోటో తీసి ఎక్కించమంది. అట్లాగే చేశాను. ఫైలు చాలా పెద్దదిగా ఉందని ఎర్ర అక్షరాలు వచ్చాయి. సరేనని సంతకం చిన్నగా పెట్టి మళ్లీ ఫోటో తీశాను. మళ్లీ అవే ఎర్ర అక్షరాలు. చీమల బారంత సంతకం ఇంకా ఎంత చిన్నగా పెట్టాలో తెలియక కమ్మర్‌పల్లిలో ఉన్న నా బిడ్డకు ఫోన్ చేశాను. అది ఇంటి ముందు మక్కజొన్నలు ఆరబోస్తూ ఉంది.

"సంతకం కాదవ్వా పెద్దగున్నది, ఫోటో. మెసేజీల యాప్‌ల నాకు పంపు. దాంట్ల నుంచి పంపితే ఫోటో చిన్నగైతది. మల్ల నీకే తిరిగి పంపుత."

"నా సంతకం కమ్మర్‌పల్లి దాక పోయి రావాల్నా?"

"అంతే మరి."

ఫోటో తెరిచి షేర్ నొక్కాను. ఆ వరుసలో గుండ్రటి బొమ్మలు ఎన్నో వచ్చాయి, ఆ దరఖాస్తు ఒక్కటి తప్ప. ఎవరెవరికో పంపమంటుంది, పంపాల్సిన చోటికి మాత్రం దారి చూపదు. బిడ్డ ముఖం మీద వేలు పెట్టబోతే వరుస కదిలింది. సంతకం మా తరగతి గ్రూపులో పడింది.

అసలు ఇబ్బంది అక్కడ మొదలైంది. మా గ్రూపులో ఒక పద్ధతి ఉంది. టీచరమ్మ పొద్దున ఒక మాట రాసి ఫోటో పెడుతుంది. అందరం అది చూసి మా నోటుబుక్కులో రాసి, ఫోటో తీసి గ్రూపులో పెడతాం. ఆ రోజు టీచరమ్మ ఏమీ పెట్టలేదు. నా సంతకం రాగానే ఆ రోజు పాఠం సంతకమే అనుకున్నారు. ఒకరి తర్వాత ఒకరు సంతకాలు పెట్టి పంపడం మొదలుపెట్టారు. ఫోన్ టింగు టింగుమని ఆగలేదు. పాఠం కాదు, ఆపండి అని రాద్దామంటే, నేను ఒక్కో అక్షరం వెతుక్కునేలోపు ఇంకో రెండు సంతకాలు వచ్చేవి.

"గ్రూపుల పడ్డా చిన్నగైతదవ్వా, గదే ఎక్కియ్యి," అంది బిడ్డ, మళ్లీ ఫోన్ చేసి అడిగితే.

దరఖాస్తు తెరిచి ఫైలు ఎంచుకోమన్న చోట నొక్కాను. గోరంత గళ్లలో అన్నీ సంతకాలే. అందరివీ తరగతిలో ఇచ్చిన గీతల్లేని నోటుబుక్కులే, నీలం పెన్నులే. అందరి చేయీ పట్టి దిద్దించింది ఒక్క టీచరమ్మే కాబట్టి రాత కూడా ఒక్క తీరుగానే ఉంటుంది. పెద్దది చేసి చూద్దామని వేలు పెడితే అది అట్లాగే ఎక్కిపోయింది. ఈసారి ఎర్ర అక్షరాలు రాలేదు. నా ముఖం, దాని కింద సంతకం కనిపించాయి. హమ్మయ్య అనుకున్నాను.

పక్కింటి అక్క మా అరుగు మీదే చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. మా తరగతే. మెడ చాచి చూసింది.

"చెల్లె, గది నా సంతకం గదనే."

కళ్లద్దాలు సరిచేసుకుని చూశాను. ఆమెదే.

"మంచిగున్నది. పరీక్ష నువ్వు రాయి, సర్టిఫికెట్ నాకియ్యి," అని ఒకటే నవ్వు. "నేను పాసైన్నని మా ఇంటాయనకు చెప్తే బువ్వ తినుడు బంద్ జేస్తడు."

"నీకెవలు పెట్టుమన్నరక్కా సంతకం?"

"నువ్వే గదా పెట్టినవ్. చూసి నేనూ పెట్టిన."

మార్చుదామని వెనక్కి నొక్కితే దరఖాస్తు మూసుకుపోయింది. మళ్లీ తెరవడానికి ఓటీపీ అడిగింది. అది చూడటానికి మెసేజీల్లోకి పోయి వచ్చేసరికి పేజీ తెల్లగా ఉంది. మళ్లీ అడిగాను, మళ్లీ పోయాను, మళ్లీ తెల్లగా అయింది. మూడోసారి ఓటీపీ తెర పైన మెరిసి పోయేలోపే అక్క చేత గట్టిగా చదివించి అరచేతిలో రాసుకున్నాను. అప్పటికి నాలుగు దాటింది. గ్రూపులో సంతకాలు ఇంకా వస్తూనే ఉన్నాయి.

గోరంత గడిలో నాది నేను గుర్తుపట్టాలి, అంతే కదా. అక్క చేతిలోంచి ఆకు కత్తిరించే కత్తెర లాక్కుని కాగితం మీద సంతకం పక్కనే పెట్టి ఫోటో తీశాను. ఈసారి గ్రూపులోకే కావాలని పంపాను. గళ్లు తెరవగానే అన్నింటి నడుమ కత్తెర నల్లగా కనిపించింది. దాని మీద వేలు పెట్టాను. ఎక్కింది. ఐదుకు పావుగంట ముందు దరఖాస్తు అందిందని వచ్చింది. ఆలోపే గ్రూపులో ఒకామె సంతకం పక్కన కత్తెర పెట్టి పంపింది.

హాల్ టికెట్‌కు బోధన్‌లోని మా పరీక్షా కేంద్రానికి పిలిచారు. అక్కడి గుమాస్తా నా హాల్ టికెట్ తీసి, కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూసి, ఇవ్వకుండా చేతిలోనే పట్టుకున్నాడు.

"ఏందమ్మా గిది? సంతకం కాడ కత్తెరేంది?"

"ఆకు కత్తిరించేది సార్."

"అది నాకు తెలుస్తలేదా? హాల్ల నీ సంతకం దీనితోని కలవాలె. రేపు ఎవలన్న అడిగితే నేనేం చెప్పాలె?"

ఆయన రిజిస్టరు నా ముందుకు తోసి, పెన్ను ఇచ్చాడు. "గీడ పెట్టు, చూస్త."

పెట్టాను. ఆయన దాన్నీ, హాల్ టికెట్‌నూ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చూశాడు.

"ఒక్కటే ఉన్నది. తీస్కపో."

హాల్ టికెట్ సంచిలో పెట్టుకున్నాక నాకు కోపం వచ్చింది. "గీ రిజిస్టరు ఆనాడే నా ముందట పెడితే అయిపోతుండె గదా సార్," అన్నాను.

"అంతా ఆన్‌లైనమ్మా," అన్నాడు, నా వెనక ఉన్నామె హాల్ టికెట్ కోసం కట్టలో వెతుకుతూ.