మా చేలో పైమట్టి

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన కొత్తల్లో, నేను దెందులూరు పక్క ఊరికి కోడలిగా వచ్చిన రెండో వేసవిలో, వరదకు కోసుకుపోయిన రోడ్డును ఎత్తు చేయడానికి మట్టి కావలసి వచ్చింది. రోడ్డు వారనే ఉన్న మా ఎకరన్నర చేను అడిగారు. మాకు ఉన్నదంతా అదే. మామగారు పోయాక అది అత్తగారి పేర ఉంది.

ఆవిడ వెంటనే ఒప్పుకోలేదు. "అన్నం పెట్టేది ఆ పైనున్న జానెడు మట్టేనండీ. అది పోతే కింద గడ్డి కూడా మొలవదు" అన్నారు.

రోడ్డు పని కాంట్రాక్టరు మర్యాదగానే మాట్లాడాడు. పైమట్టి విడిగా గట్టున పోయిస్తానని, పని అయ్యాక గొయ్యి చదును చేసి మళ్లీ పరిచేస్తానని చెప్పాడు. ఆ మాట కాగితం మీద రాయమని మా ఆయన అడిగితే, పని చూసే సర్కారు ఓవర్సీయరు గారి ఎదుట చెప్పాక ఇంకా కాగితం ఎందుకన్నాడు. అత్తగారు మాత్రం మట్టి ఇస్తామని వాళ్లు రాసుకొచ్చిన కాగితం మీద వేలిముద్ర వేశారు.

మా చేను మేమే కూలికి తవ్వాం. మా ఆయన గునపం వేస్తే నేను తట్ట మోశాను. నల్లమట్టి గట్టున గుట్టగా పోశాం. కింది పసుపు జిగట మట్టి రోడ్డుకు పోయింది. ఎంత లోతు తవ్వామో కొలవడానికి మధ్యలో అక్కడక్కడా తవ్వకుండా దిమ్మెలు వదిలారు. వాటి నెత్తిన ఇంకా వరి మోళ్లు ఉండేవి. అత్తగారు అటు చూసేవారు కాదు.

తొలకరికి ముందే నల్లమట్టి గుట్ట బళ్లకెక్కింది. ఏలూరులో పెద్ద ఇంజనీరు గారి బంగళాకి తోట వేస్తున్నారట. నెల రోజులు చూసి, అత్తగారు ఏలూరులో ఆఫీసు దాకా నడిచి వెళ్లారు. ఓవర్సీయరు ఆవిణ్ణి బెంచీ మీద కూర్చోబెట్టి, "ఏవండీ, మట్టి ఎక్కడున్నా మట్టేనండీ. రెండు వానలు పడితే అదే సర్దుకుంటుంది" అన్నాడట. తిరిగొచ్చి, ఆ బంగళాలో బంతి మొక్కలు ఏపుగా ఉన్నాయని మాత్రం చెప్పారు.

వానలకు గొయ్యి నిండింది. తుంగ లేచింది. మరుసటి వేసవి కాలువకు నీళ్లు కట్టేసినప్పుడు, పూడిక తీసిన ఒండ్రు ముగ్గురం మోసి ఒక మూల పోశాం. ఎండాకాలమంతా మోస్తే ఆకుమడి పాటి చోటు లేచింది. అందులో నాటిన వరి సగం తాలే. మిగతా గోతిలో కొర్రమీలు చేరాయి. అత్తగారు వాటిని ఇంటికి రానివ్వలేదు.

తిండికి దారి లేక, అదే కాంట్రాక్టరు దగ్గర పెదపాడులో చేలో మట్టి తవ్వే పనికి వెళ్లాం. అక్కడి చేను గలావిడది నా ఈడే. గట్టు మీద నా పక్కన కూర్చుని అడిగింది.

"మీ చేను కూడా తీసుకున్నారంట కదండీ. పైమట్టి మళ్లీ పరిచారాండీ?"

మేస్త్రీ నాలుగడుగుల దూరంలో నిలబడి వింటున్నాడు. లేదంటే ఆ పూటే మమ్మల్ని పంపేస్తాడు.

"పరిచారండీ" అన్నాను.

ఆమె మొహం తేటపడింది. తన మంచినీళ్ల చెంబు నాకిచ్చింది. తాగాను.

ఇంటికొచ్చాక ఆ సంగతి అత్తగారికి చెప్పాను. తిడతారనుకున్నాను, తిట్టాలనే కోరుకున్నాను. ఆవిడ నా కంచంలో అన్నం పెట్టి, రేపు కూడా పని ఉందా అని అడిగారు.