కనుమ దారిలో మా పాత కారు

మా ఊరికీ కడపకూ మధ్య ఒక కొండ కనుమ ఉంది. 1950ల మొదట్లో నేను కాపురానికి వచ్చేసరికి మా ఇంట్లో ఒక పాత కారు ఉండేది. చదును నేల మీద బాగానే నడిచేది కానీ కనుమ ఎక్కేటప్పుడు మూలిగి ఆగిపోయేది.

మా అత్త ఆ కనుమలోనే పోయింది. కడుపునొప్పితో మెలికలు తిరుగుతుంటే మా ఆయన ఆమెను కారులో ఎక్కించుకుని కడప ఆసుపత్రికి బయలుదేరాడు. మామ వెనక సీట్లో ఆమె తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. నడి కనుమలో ఇంజను ఆగింది. మళ్లీ కదిలేసరికి ఆమె లేదు.

దినాలు అయిపోయినా మా ఆయన ఎవరితోనూ మాట్లాడలేదు. ఒక పొద్దున కారును పశువుల కొట్టం ముందుకు తోసి దాని కింద దూరాడు. ఇంజను వదిలే పొగ సులువుగా బయటికి పోవడం లేదనీ, అందుకే ఎత్తు ఎక్కడానికి దానికి బలం చాలడం లేదనీ ఆయనకు తోచింది. సైలెన్సర్ ఊడదీసి చీలిస్తే లోపల రేకులన్నీ తుప్పుపట్టి, మసితో పూడుకుపోయి ఉన్నాయి. దాన్ని పక్కన పడేశాడు. బావి దగ్గర మూలపడిన ఆయిలింజను పొగగొట్టం కారు గొట్టం కంటే వెడల్పు. దాన్ని కోసి, కొలిమిలో కాల్చి వంచి, కారు అడుగున బిగించాడు. అతుకుల మీద ఇనుప పట్టీలు వేశాడు. నేను అన్నం తీసుకెళ్తే అక్కడ పెట్టి పొమ్మనేవాడు. తిన్నాడో లేదో గిన్నె చూస్తేగానీ తెలిసేది కాదు.

బండి స్టార్టు చేసిన రోజు ఆ చప్పుడుకు ఎద్దులు పలుపులు తెంపుకున్నాయి.

మామకు చూపు మందగించింది. కడపలో కంటి డాక్టరుకు చూపిద్దామని ముగ్గురం బయలుదేరాం. కారు ఆగకుండా కనుమ ఎక్కింది. అత్త పోయిన మలుపు కూడా దాటింది. బిగుసుకున్న మా ఆయన భుజాలు సడలడం వెనక నుంచి చూశాను. అంతలో నాకు తల దిమ్మెక్కింది. పక్కనున్న మామ తల నా మీదికి వాలింది. నిద్రపోయాడేమోనని పిలిస్తే పలకలేదు. కాళ్ల కింద చెక్కల సందుల్లోంచి పొగ వస్తోంది. బండి ఆపమని మా ఆయన చొక్కా పట్టి లాగాను.

మామను దించి, గాలి తగిలేచోట పడుకోబెట్టి, ముఖాన నీళ్లు చల్లాం. మా ఆయన వాళ్ల నాయన పాదాలు రుద్దుతూ కూర్చున్నాడు.

"అమ్మను సంపితి. ఇప్పుడు నిన్నూ సంపబోతి, నాయనా" అన్నాడు.

కాసేపటికి మామ కళ్లు తెరిచాడు. తడుముకుంటూ కొడుకు చెయ్యి పట్టుకున్నాడు.

"మీయమ్మ ఆ నొప్పిని శానా దినాలు దాచిపెట్టింది రా. నీకు చెప్పొద్దని నాతో ఒట్టు పెట్టించుకునింది. కనుమ మొదలు కాకముందే ఆమె చెయ్యి సల్లబడిపోయింది. నువ్వు బండి తోల్తాండావు, నీకు యాడ తెలుస్తాది? చెప్పేదానికి నాకే నోరు రాలేదు."

ఇంతకాలం ఎందుకు దాచాడని నాకు మామ మీద కోపం వచ్చింది. ఆయన ముఖం చూశాక అడగలేకపోయాను. మా ఆయన రోడ్డు పక్కన కూలబడి ఏడ్చాడు. అత్త దినాల్లో కూడా ఆయన ఏడవడం నేను చూడలేదు.

అద్దాలన్నీ దించి మెల్లగా కడప చేరాం. అక్కడ అతుకులు వెల్డింగ్ చేయించి, కొత్త సైలెన్సర్ పెట్టించి, గొట్టాన్ని కారు వెనక దాకా పొడిగించాం. ఆ తరువాత పొగ లోపలికి రాలేదు. కాన్పు కష్టమైనవాళ్లనూ, పాము కరిచినవాళ్లనూ ఆ కారే కనుమ దాటించింది. కొందరు బతికారు, కొందరు దక్కలేదు. దక్కనివాళ్ల ఇళ్లకు మా ఆయన వెళ్లి, కాసేపు కూర్చుని వచ్చేవాడు.

మామ కళ్లు బాగుపడలేదు. సాయంత్రాలు కొడుకే ఆయన్ను చేని దాకా నడిపించేవాడు. దారి పొడుగునా ఇద్దరూ అత్త గురించి మాట్లాడుకునేవాళ్లు.