పిన్ని ఎడమ చెయ్యి, నక్కి నడిచే ఆట

మా అన్నయ్య ఆడే వీడియో గేముల్లో అంతులేని గుహలు ఉంటాయి. ఆ గుహల్లో ఎటు తిరిగితే అటు నుంచి ఏవో వికృత జంతువులు వచ్చి మీద పడతాయి. తెనాలిలో మా ఇంటి ముందుగదిలో వాడు ఆడుతుంటే నేను పక్కనే పుస్తకం పెట్టుకుని కూర్చునేదాన్ని. మధ్యలో తలెత్తి చూస్తే ఇందాక చూసిన గోడే మళ్ళీ కనిపించేది. "ఇక్కడికి ఇందాకే రాలేదూ?" అంటే, "వచ్చాను. దారి తప్పాను," అనేవాడు చాలా సంతోషంగా. దారి తప్పడంలో సంతోషమేంటో నాకు అర్థమయ్యేది కాదు. ఒకసారి నన్నూ ఆడమన్నాడు. మొదటి జంతువు కనిపించగానే చేతికందిన మీటలన్నీ నొక్కేసి, గోడకేసి తల కొట్టుకుంటూ చచ్చిపోయాను.

"ఏంటే, దెయ్యాల దగ్గర కూడా సిగ్గేనా నీకు?" అన్నాడు అన్నయ్య.

ఆటలు నాకు పడవని అప్పుడే తీర్మానించుకున్నాను. వానాకాలంలో రేపల్లెలో మా పిన్ని బడి వరండాలో జారిపడి ఉండకపోతే ఆ తీర్మానం అలాగే ఉండేది.

పిన్ని అమ్మకు చెల్లెలు. హైస్కూల్లో సోషల్ చెబుతుంది. ఆదివారాలు చర్చిలో కీబోర్డు వాయిస్తుంది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఆ కుర్చీలో ఇంకొకరు కూర్చోగా చూడలేదు. పడినప్పుడు ఎడమ మణికట్టు విరిగింది. కట్టు విప్పేసరికి వేళ్ళు కొయ్యబారి ఉన్నాయి. బొటనవేలు, చూపుడువేలు కాస్త మాట వింటున్నాయి గానీ, ఉంగరం వేలు, చిటికెన వేలు కిందికి వంగనంటున్నాయి. కీబోర్డు మీద పాటను కింద నుంచి మోసే స్వరం ఎడమ చిటికెన వేలిదే. అది లేకపోతే పాట గాల్లో తేలుతుంది.

ఈలోగా చర్చిలో పాటల ట్రాకులు ఒక పెన్ డ్రైవ్‌లో ఎక్కించి స్పీకరులో పెట్టడం మొదలుపెట్టారు. అందరికీ అలవాటైపోతోంది. పాస్టరు గారు ఇంటికొచ్చి, "తొందరేం లేదమ్మా, క్రిస్మస్‌కి చూద్దాం," అని మర్యాదగా చెప్పి వెళ్ళారు. ఆ మాటకు అర్థం పిన్నికి తెలుసు. క్రిస్మస్‌కి వాయించలేకపోతే ఇక ఆ కుర్చీ ఉండదు.

"పెన్ డ్రైవ్‌కి దగ్గు రాదు, ఊరెళ్ళదు, శ్రుతి తప్పదు. దాన్నెందుకు వదులుకుంటారే?" అంది నాతో.

ఫిజియోథెరపిస్టు వేడినీళ్ళలో చెయ్యి పెట్టి వేళ్ళు ఆడించమన్నాడు, పిసకడానికి రబ్బరు బంతి ఇచ్చాడు. వేడినీళ్ళ పని పిన్ని బుద్ధిగా చేసేది. బంతిని మాత్రం బీరువా మీదికి విసిరేసింది. అది పిసుకుతుంటే తన మీద తనకే జాలేస్తోందట. పోనీ ఇంట్లో కీబోర్డు ముట్టుకోమంటే అసలే ఒప్పుకోదు. తప్పు స్వరాలు తన చెవిన పడటం ఆవిడకు నొప్పికంటే ఎక్కువ.

నేను బాపట్లలో ఒక కాలేజీ లైబ్రరీలో పనిచేస్తాను. తెనాలి నుంచి రోజూ రైల్లో వెళ్ళొస్తాను. ఆదివారం పొద్దున్నే ప్యాసింజరెక్కి రేపల్లె వెళ్ళడం అప్పుడే మొదలైంది. ఒకరోజు రైల్లో ఎవరో కుర్రవాడు లాప్‌టాప్‌లో గేమ్ ఆడుతుంటే అతని ఎడమచేతిని గమనించాను. మూడు వేళ్ళు ఆటలో మనిషిని నడిపించే అక్షరాల మీద, చిటికెన వేలు మూలనున్న షిఫ్ట్ మీట మీద. కీబోర్డు వాయించే చెయ్యి అచ్చం అలాగే వాలి ఉంటుంది. ఇంటికొచ్చి అన్నయ్యకు చెబితే పక్కన పెట్టేసిన తన పాత లాప్‌టాప్ తీసి ఇచ్చాడు. బాబాయి ఫిజియోథెరపిస్టును అడిగితే, "నొప్పి రానంతవరకు ఏదైనా మంచిదేనండి," అన్నాడట.

కానీ ఆ లాప్‌టాప్‌లో ఉన్నవన్నీ అన్నయ్య గుహలే.

పిన్ని కళ్ళజోడు సర్దుకుని కూర్చుంది. మొదటి మలుపులోనే దారి తప్పింది. "ఇదేంటే, ఎటు పోయినా ఒకటే గోడ?" అంటుండగానే ఏదో మీద పడింది. కంగారులో చెయ్యంతా బిగబట్టి మీటల మీద గుద్దింది. మణికట్టు కలుక్కుమంది.

బాబాయి కాఫీ తెచ్చి ఇస్తూ, "ఇన్నేళ్ళు పదో తరగతిని కాసినదానివి, వీటికి జడుసుకుంటావేంటి?" అన్నాడు.

"పదో తరగతి వాళ్ళు బెంచీల మీద కూర్చుంటారండి. ఇవి గోడల్లోంచి వస్తున్నాయి!"

లాప్‌టాప్ మూసేసింది. తిరుగు రైల్లో నాకు అదే ఆలోచన. పిన్నీ నేనూ ఒక్కచోటే ఆగిపోయాం. మాకు నచ్చనిది భయమా? కాదనిపించింది. భయపెట్టే కథలు ఇద్దరం ఇష్టంగా చదువుతాం. మరి ఆ పెద్ద ఖాళీ స్థలమా? ఆ జంతువులకు మన మీద ఏ కారణమూ లేని పగ ఉండటమా?

అన్నయ్యను అడిగాను. "నక్కి నడిచే ఆటలు వేరే ఉంటాయి. స్టెల్త్ అంటారు. కొట్లాటలుండవు. కాపలావాళ్ళ కంట పడకుండా లోపలికెళ్ళి పని చూసుకుని బయటికి రావడమే. నీలాంటోళ్ళ కోసమే చేశారు," అన్నాడు. ఫోన్లో వెతికితే, రాక్షసుల ఆటలు పడనివాళ్ళకు ఇవి నచ్చుతాయా అని ఆడేవాళ్ళు పోట్లాడుకుంటున్న పేజీలు చాలానే దొరికాయి. ప్రతి గదికీ ఒక అర్థం ఉంటుంది, హాయిగా ఆలోచించుకోవచ్చు అని కొందరు. అక్కడా అంతే విశాలం, పైగా ఊపిరి బిగబట్టుకుని కూర్చోవాలి అని కొందరు. ఎవరి మాట నిజమో తేల్చుకోవాలనిపించి, ముందు నేనే ఒకటి ఆడి చూశాను.

అందులో మనం ఒక దొంగ. రాత్రిపూట ఒక షావుకారు మేడలోకి దూరి పత్రం ఒకటి తేవాలి. ఇది నాకు వెన్నతో పెట్టిన విద్య అనుకున్నాను. పెళ్ళికి వెళితే వంటలవైపు గుమ్మంలోంచి లోపలికి పోతాను. ఏ అత్తయ్య ఏ వరసలో కూర్చుందో, ఎవరు ఎటు తిరిగినప్పుడు అక్షింతలు వేసి వచ్చేయాలో ముందే చూసుకుంటాను. "నీకెప్పుడే?" అన్న ప్రశ్న వినపడకుండా భోజనం ముగించిన పెళ్ళిళ్ళు ఎన్నో.

తీరా ఆడితే మొదటి వసారా కూడా దాటలేకపోయాను. కాపలావాడు "ఎవరక్కడ?" అన్నట్టు తల తిప్పితే చాలు, నా చెవులు వేడెక్కేవి. వాడు చూశాడో లేదో తెలిసేలోపే ఆట ఆపేసి, ఆటను సేవ్ చేసుకున్న చోటు నుంచి మళ్ళీ మొదలుపెట్టేదాన్ని. సాయంత్రాలన్నీ ఒకే స్తంభం వెనక గడిచాయి. ఆ వారం డైరీలో రాసుకున్నాను: కనపడకుండా ఉండటం నాకు ఇష్టమనుకున్నాను. కనపడితే ఏమవుతుందో చూడటం ఇష్టం లేదు, అంతే.

నాకే కుదరనిది పిన్నికేం కుదురుతుందిలే అనుకుంటూనే తరువాతి ఆదివారం తీసుకెళ్ళాను. భోజనాలయ్యాక పిన్ని అయిష్టంగానే కూర్చుంది. అదే వసారా, అదే స్తంభం. ఆవిడ కదల్లేదు. చాలాసేపు కాపలావాణ్ణి చూస్తూ కూర్చుంది.

"ఏంటి పిన్నీ, వెళ్ళవా?"

"ఉండవే. వీడు ఇన్విజిలేషన్ చేస్తున్నాడు."

"ఏంటీ?"

"పరీక్ష హాల్లో తిరిగే టీచరు నడకే ఇది. ఇటు చివరిదాకా వస్తాడు, కాసేపు గోడకేసి చూస్తాడు, తిరుగుతాడు. తిరిగేముందు భుజం ఎగరేశాడు చూశావా? చీటీలు పెట్టేవాళ్ళు ఆ భుజాన్నే కాచుకుని ఉంటారు. ఇన్నేళ్ళూ వీడి పక్షాన తిరిగాను. ఇవాళ వెనకబెంచీలో కూర్చున్నాను."

కాపలావాడు గోడకేసి తిరగగానే షిఫ్ట్ మీద చిటికెన వేలు పెట్టింది. ఈ ఆటలో షిఫ్ట్ నొక్కి పట్టినంతసేపే మన మనిషి వంగి, చప్పుడు లేకుండా నడుస్తాడు. వేలు తేలిపోయింది. మన దొంగ నిటారుగా లేచి బూట్లు టకటకలాడించాడు. కాపలావాడు చూడనే చూశాడు. నేనైతే వెంటనే ఆపేసేదాన్ని. పిన్ని "అయ్యో, చూశాడే!" అని పకపకా నవ్వుతూ దొంగను పరుగెత్తించి మెట్ల కింద దూర్చింది. కాపలావాడు కాసేపు వెతికి, గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు. చూస్తే అయ్యేది ఇంతేనా అని నేను తెల్లబోయాను.

ఆ తరువాత పిన్ని ఒక విచిత్రమైన పని మొదలుపెట్టింది. గదిలోంచి బయటికొచ్చేటప్పుడల్లా దీపం ఆర్పేసేది. "మనుషులు లేని గదిలో దీపమెందుకే, దండగ." చీకటి దొంగకు మేలే అనుకున్నాను. కానీ కాపలావాళ్ళు ఆరిన దీపాలు చూసి వెతకడం మొదలుపెట్టారు.

"వీళ్ళకంత అనుమానమెందుకు? కరెంటు పోయిందనుకోవచ్చుగా?"

"వాళ్ళది రేపల్లె కాదు పిన్నీ."

బాబాయి వెనకనుంచి, "ఇంట్లో నా మీద చేసే పెత్తనం సరిపోక, షావుకారు మేడ కరెంటు బిల్లు కూడా మీ పిన్నే చూసుకుంటోందమ్మా," అన్నాడు. పిన్ని విననే లేదు. ఆవిడ చిటికెన వేలు వణుకుతూ షిఫ్ట్ మీద ఉంది. వణుకుతూనే, కిందికి వంగి ఉంది.

తరువాతి వారాల్లో నేను లేనప్పుడు కూడా ఆడింది. ఎక్కువే ఆడింది. ఒక ఆదివారం వెళ్ళేసరికి మణికట్టు వాచి ఉంది. ఫిజియోథెరపిస్టు బాగా కేకలేశాడట. ఆట ఆపేశాం. అప్పటికే, క్రిస్మస్‌కు ముందు వారాల్లో జరిగే అడ్వెంట్ ఆరాధనలు మొదలయ్యాయి. చర్చిలో పెన్ డ్రైవ్ పాడుతుంటే పిన్ని ఆడవాళ్ళ వరసలో కూర్చుని పెదవులు మాత్రం కదిలించింది. మంచి చేయబోయి ఉన్న కాస్తా చెడగొట్టానేమోనని నాకు బాపట్లలో పని మీద ధ్యాస నిలవలేదు.

వాపు తగ్గాక, కొద్దిసేపే అన్న షరతుతో మళ్ళీ తెరిచాం. అప్పుడు ఇంకో చిక్కు వచ్చింది. మేడ అయిపోయాక దొంగ ఒక పెద్ద భూగర్భ శ్మశానంలోకి దిగాలి. పొడవాటి సొరంగాలు, అందులో తిరిగే శవాలు. నక్కి నడిచే ఆటలో కూడా అవి వచ్చి కూర్చున్నాయి! పిన్ని ఒక్క చూపు చూసి చేతులు వెనక్కి తీసుకుంది.

"వీటికి కాళ్ళు నొప్పి పుట్టవు, విసుగు రాదు. ఎటు తిరుగుతాయో నేనెలా చెప్పను? నా వల్ల కాదమ్మాయ్."

అన్నయ్యకు ఫోన్ చేశాను. వాడు నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. "ఆ ఒక్క లెవెల్ నేనాడేస్తాలే. సేవ్ ఫైల్ పంపిస్తా, పిన్నిని తరవాతి ఇంటి గుమ్మం దగ్గర దింపుతా," అన్నాడు. అన్నట్టే మరునాడు పంపాడు. ఆ సొరంగాలు తనకు బాగా నచ్చాయని కూడా చెప్పాడు.

రాక్షసుల ఆటలు పడనివాళ్ళకు ఇవి నచ్చుతాయా అన్న ప్రశ్నకు నాకు దొరికిన జవాబు కాస్త వంకరగా ఉంది. స్టెల్త్ అన్న పేరును నమ్మి కొంటే మోసపోవచ్చు. వాటిలోనూ గుహలుంటాయి, శవాలుంటాయి. పిన్నికి నచ్చింది దాక్కోవడం కాదు, మనుషుల నడకను చదవడం. మేడ ఎంత పెద్దదైనా ఆవిడ దారి తప్పలేదు, వంటగది ఎక్కడుండాలో ఆవిడకు తెలుసు కాబట్టి. మరి సిగ్గరి అయిన నాకెందుకు కుదరలేదో పూర్తిగా తెలియదు. ఇప్పుడిప్పుడే, కాపలావాడు నన్ను చూశాక కూడా ఆపకుండా కాసేపు ఆడగలుగుతున్నాను.

చెయ్యి ఆట వల్లే తేరుకుందా అంటే అదీ చెప్పలేను. వేడినీళ్ళ పనే అదంతా అంటాడు ఫిజియోథెరపిస్టు. క్రిస్మస్‌కు కొద్దిరోజుల ముందు నేను వెళ్ళేసరికి లాప్‌టాప్ మూసి ఉంది. లోపలి గదిలో పిన్ని తలుపు వేసుకుని కీబోర్డు వాయిస్తోంది. తప్పు స్వరాలు చాలానే వినిపించాయి. బాబాయి నోటి మీద వేలు పెట్టుకుని నన్ను వసారాలోనే కూర్చోబెట్టాడు.

క్రిస్మస్ పొద్దున చర్చి కిక్కిరిసింది. పెన్ డ్రైవ్ చూసుకునే ఆయన, ఎందుకైనా మంచిదని, స్పీకరు పక్కనే నిలబడ్డాడు. పిన్ని కొత్త చీరలో వచ్చి కుర్చీలో కూర్చుంది. పాట మొదలైంది. నేను ఆడవాళ్ళ వైపు చివర కూర్చుని పాడటం మానేసి ఎడమచేతినే చూస్తున్నాను. మొదటి చరణంలో చిటికెన వేలు నెమ్మదిగా దిగింది, నిలిచింది. రెండో చరణంలో అందలేదు. కింది స్వరం లేక పాట కాస్త తేలింది. స్పీకరు దగ్గరి ఆయన ముందుకు వంగాడు. పిన్ని అటు చూడలేదు. చేతిని కొంచెం ఎడమకు జరుపుకుని, మూడో చరణానికి ఆ వేలును మళ్ళీ దించింది. వెనక వరసలోని మగవాళ్ళ గొంతులు ఆ స్వరాన్ని అందుకున్నాయి. ఆయన చేతులు కట్టుకుని, తనూ పాడటం మొదలుపెట్టాడు.