‘అండి’ లేని అయిదు నిమిషాలు

పోయినసారి ఇదే దారిలో వెళ్లి, పరీక్ష గదిలో నోరు తెరవకుండా కూర్చుని తిరిగొచ్చాను. అందుకే ఈసారి టికెట్టు తీసుకున్న రోజు నుంచే భయం మొదలైంది. నాలాగా బయటి ఊళ్ల నుంచి ఈ పరీక్షకు వెళ్లేవాళ్లు ఇంకా ఉంటారు కాబట్టి బండ్లు, బస, దారి అన్నీ రాస్తున్నాను. భయం సంగతి కూడా రాయకపోతే ఇందులో సగం అబద్ధమే అవుతుంది.

నేను ఖమ్మంలో ఒక ఆసుపత్రిలో రోగుల వివరాలు కంప్యూటరులో ఎక్కిస్తాను. ఆరు నెలలుగా ఆదివారాలు తార్నాక దగ్గరి యూనివర్సిటీ క్యాంపస్ వాళ్లు నడిపే జపనీస్ తరగతిని ఫోనులో వింటున్నాను, మైకు మూసేసి. జపాన్ వెళ్లాలని కాదు. తెలుగులోకి వచ్చిన అక్కడి కథలు కొన్ని చదివాను, అవి వాళ్ల మాటల్లో ఎలా ఉంటాయో చూడాలని నా కోరిక. అలా పుస్తకాలు చదివించే రెండో కోర్సు ఒకటుంది. అందులో చేరాలంటే మొదటి కోర్సు చివర, క్యాంపస్‌కు స్వయంగా వెళ్లి, ఎదురుగా కూర్చుని మాట్లాడే పరీక్ష పాసవ్వాలి. అవకాశాలు రెండే. నాది ఒకటి అయిపోయింది.

శనివారం మధ్యాహ్నం ఒంటిగంటకు ఖమ్మంలో బండి ఎక్కాను. పగటి బండ్లలో ముందుగా రిజర్వేషను చేయించుకుంటే కిటికీ దొరుకుతుంది. ఎదురుగా పెళ్లికి వెళ్తున్న ఒక పెద్దావిడ కూర్చుంది.

“ఒక్కదానివే వెళ్తున్నావా అమ్మా? ఎవరింటికి?” అని అడిగింది.

“చుట్టాలింటికండి,” అన్నాను. పరీక్ష అంటే ఏ పరీక్ష అంటుంది, జపనీస్ అంటే ఎందుకు అంటుంది, రెండు మాటలు మాట్లాడి చూపించు అంటుంది. డోర్నకల్ దాకా ఆవిడ చుట్టాల పేర్లు చెబుతూనే ఉంది. నేను ‘అవునండి’, ‘అలాగండి’ అంటూ పుస్తకంలో వేలు పెట్టుకుని కూర్చున్నాను.

ఆ పుస్తకంలో ఉన్నదే నా కష్టం. జపనీస్‌లో క్రియకు రెండు రూపాలు. పరాయివాళ్లతో, పెద్దవాళ్లతో ‘తబేమాస్’ అంటారు, తింటానండి అన్నట్టు. సొంతవాళ్లతో ఉత్త ‘తబేరు’. మనకు నువ్వు, మీరు అనే మాటలుంటాయి. వాళ్లు చాలాసార్లు ఆ మాటే వాడరు, బరువంతా క్రియ చివర పెడతారు. తరగతిలో అందరికీ మర్యాద రూపం కష్టంగా ఉండేది. నాకు అది నల్లేరు మీద నడకే. మా నాన్నగారిది గుంటూరు వైపు, మిషన్ బళ్లో మాస్టారు. పాలు పోసే ఆయన్ని కూడా ‘రండి’ అంటారు. మా ఇంట్లో తమ్ముణ్ణి కూడా ‘నువ్వు’ అనం. నేను చనువుగా ‘నీవు’ అనేది ప్రార్థనలో దేవుణ్ణి ఒక్కణ్ణే. మనుషుల్లో అలా అనడానికి నాకెవరూ లేరని ఈ పాఠం వచ్చేదాకా గమనించలేదు.

పరీక్షలో ఇద్దరిద్దరిని చీటీలు తీసి కలుపుతారు. మొదటి అయిదు నిమిషాలు మర్యాద రూపంలో, తర్వాత అయిదు నిమిషాలు స్నేహితుల్లా మామూలు రూపంలో మాట్లాడుకోవాలి. మార్కులు జంటకు కలిపి. పోయినసారి నా వల్ల ఒక డిగ్రీ పిల్లవాడు కూడా ఫెయిలయ్యాడు. బయటికొచ్చాక అతను నన్నేమీ అనలేదు. రెండు మూడు మాటలు తిట్టి ఉంటే బాగుండేది.

నాలుగున్నరకు సికింద్రాబాద్. స్టేషన్ బయటికి వస్తే మెట్రో, తార్నాక రెండో స్టేషను. ఆటో మాట్లాడనవసరం లేదు, అదే నాకు పెద్ద ఊరట. మెట్రో మెట్ల కింది సందులో ఆడపిల్లల హాస్టళ్లు చాలా ఉన్నాయి, ఒక్క రాత్రికి కూడా మంచం ఇస్తారు. నాలుగు వందలు, పొద్దున టిఫిన్ అందులోనే. ఆధార్ జిరాక్స్ వెంట ఉంచుకోండి. హాస్టలావిడ నా సంచీ వంక చూసి, “పరీక్షనా? ఏం పరీక్ష?” అంది. “బ్యాంకుదండి,” అన్నాను. ఒక్క రోజులో ఇది రెండో అబద్ధం.

ఆదివారం పొద్దున ఇడ్లీ పెట్టారు. ముక్క తుంచి, తినకుండానే పళ్లెం పక్కకు జరిపాను. తొమ్మిదింటికి క్యాంపస్ గేటుకు నడిచి వెళ్లాను. గార్డు కుర్చీలోంచే చెయ్యి ఎత్తాడు.

“ఏడికి మేడం? ఐడీ ఉన్నదా?”

హాల్ టికెట్ చూపించాను. దాన్ని తలకిందులుగా పట్టుకున్నానని ఆయన చూశాడు. “ఇంత భయమెందుకు మేడం, నేనేం పేపర్ దిద్దేటోన్నా?” అని నవ్వి పంపాడు.

గేటు నుంచి మా భవనానికి ఇరవై నిమిషాల నడక. ఆదివారం కాబట్టి వాకింగ్ చేసేవాళ్లు, బ్యాట్లు పట్టుకున్న కుర్రాళ్లు, చెట్ల కింద ఉద్యోగ పరీక్షల పుస్తకాలతో కూర్చున్నవాళ్లు. మధ్యలో అర కిలోమీటరు మాత్రం ఎవరూ ఉండరు. అక్కడ నాలుగు కుక్కలు రోడ్డుకు అడ్డంగా పడుకుని ఉన్నాయి. ఎవరో ఒకాయన వచ్చేదాకా ఆగి, ఆయన వెనకే దాటాను. మీరూ అలాగే చేయండి.

నోటీసు బోర్డు మీద జంటల పేర్లు, ఊళ్లు అతికించారు. నా పేరు పక్కన ‘రాజమణి’ అని ఉంది. నా వయసు అమ్మాయి ఎవరో అనుకున్నాను.

మెట్ల మీద అరవై ఏళ్లావిడ స్టీలు డబ్బా మూత తీస్తూ, “ఓ పిల్లా, నువ్వేనా ఖమ్మం దానివి?” అంది.

“అవునండి.”

“గీడ కూసో బిడ్డ. నేనే రాజమణి. మాణికేశ్వర్ నగర్ మాది.”

స్నేహితురాలిలా, మామూలు రూపంలో, ఈవిడతోనా? మా ఊళ్లో ఈ వయసు ఆవిడ ఎదురైతే నేను కుర్చీలోంచి లేస్తాను.

రాజమణి ఇదే డిపార్ట్‌మెంట్‌లో అటెండరుగా ఇరవై రెండేళ్లు పనిచేసి రిటైరైందట. తాళాలు తీయడం, బల్లలు తుడవడం, చాయ్ తేవడం. గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చుని పాఠాలన్నీ విన్నది. క్లాసయ్యాక పిల్లలు జపనీస్‌లో ఒకళ్లనొకళ్లు ఏడిపించుకుంటుంటే అదీ విన్నది. అందుకని ఆవిడకు మామూలు రూపం తెలుగులా వస్తుంది. మర్యాద రూపమే రాదు.

“పోయినపారి ఆ జపాన్ మేడంతోని ‘ఏందే, ఏం తింటవ్’ అన్నట్టు అన్న. నా పక్కనోడు నవ్విండు, మేడం నవ్వలే. ఇది రెండోపారి. మూడోది లేదు గద.”

అంటే నేను నోరు మూస్తే ఈవిడకు కూడా తలుపు మూసినట్టే.

“మీరు ఎందుకు నేర్చుకుంటున్నారండి?” అని అడిగాను.

“లోపల బీరువాల పుస్తకాలున్నయ్ చూడు, గవన్నీ నేనే దులిపిన. ఇరవై రెండేండ్లు. ఏ ఒక్కదాంట్ల ఏమున్నదో తెల్వది. చూడాలె గద!” సర్వపిండి రొట్టె ముక్క తుంచి నా ముందు పెట్టింది. “తిను.”

“వద్దండి. తినలేను.”

“అండి గిండి ఏందే? లోపల గట్లంటే ఇద్దరం మునుగుతం. నన్ను నువ్వు అను. నా మనుమడు గూడ నువ్వే అంటడు.”

నోరు తెరిచాను. ‘ను’ దగ్గరే ఆగిపోయింది.

“తెలుగుల అనకపోతే జపాన్‌ల ఎట్లంటవ్?” అని తల పట్టుకుంది. కాసేపటికి, “మంచిగనే జోడీ కలిపిండ్రు. నీకు సగం నోరు, నాకు సగం నోరు,” అంది. నాకు నవ్వు రాలేదు. గడియారం పది ఇరవై చూపిస్తోంది.

ఒక ఒప్పందం మాత్రం చేసుకున్నాం. మర్యాద భాగంలో ప్రతి ప్రశ్నా నేనే అడుగుతాను, క్రియను మెల్లగా పూర్తిగా పలుకుతాను. ఆవిడ చివర ప్రశ్న గుర్తుగా వచ్చే ‘కా’ వదిలేసి అదే క్రియ తిరిగి అంటే చాలు. రెండో భాగానికి ఏ ఒప్పందమూ కుదరలేదు. “నేనున్న గద,” అంది. అంతే.

పదిన్నరకు లోపలికి పిలిచారు. బల్ల వెనక ఇద్దరు, మా టీచరు గారు, జపాన్ నుంచి వచ్చిన పెద్దావిడ. ఒక ఫ్యాను టిక్కు టిక్కుమంటూ తిరుగుతోంది. మొదటి కార్డు తపాలా ఆఫీసు. నేను గుమస్తాను, రాజమణి పార్సెల్ తెచ్చింది.

“ఒకురిమాస్ కా?” అన్నాను, పంపుతారా అండి అని.

రాజమణి కొంగు వేలికి చుట్టుకుంటూ, “ఒకురి... మాస్,” అంది. రెండుచోట్ల మాత్రం జారింది. ఒకసారి టీచరు గారు కళ్లు పైకెత్తారు. అయినా అయిదు నిమిషాలు గడిచాయి. రాజమణి మెడ మీద చెమట నాకు కనబడుతోంది. అంత గట్టి మనిషికీ భయముంటుందని అప్పుడు తెలిసింది.

రెండో కార్డు తిప్పారు. ఇద్దరు స్నేహితులు బస్సు కోసం ఎదురుచూస్తున్నారు. నేనే మొదలుపెట్టాలి.

బస్సు ఆలస్యమైంది అనాలి. మాట తెలుసు, రూపం తెలుసు, నూరుసార్లు రాశాను. రాజమణి నెరిసిన జుట్టు, ముక్కుపుడక, చీర మీద పెట్టుకున్న చేతులు కనబడుతున్నాయి. నాలుక కదల్లేదు. ఫ్యాను టిక్కు టిక్కుమంటోంది. జపాన్ ఆవిడ కాగితం మీద ఏదో రాసింది. పోయినసారి కూడా ఇక్కడే, ఇలాగే రాసింది. ఇప్పుడు లేచి వెళ్లిపోతే మెట్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టుకున్నాను. పద్నాలుగు.

రాజమణి కార్డును బోర్లా పెట్టేసింది. నా వైపు వంగి అడిగింది.

“తబేత?”

తిన్నావా, అని. కార్డులో అది లేదు. పొద్దుటి నుంచి నేను తినలేదని ఆవిడకు తెలుసు, నిజంగానే అడుగుతోంది. నిజంగా అడిగితే నిజం చెప్పాలి కదా.

“తబేతెనై,” అన్నాను. తినలేదు.

“నందె?” ఎందుకు?

“కొవై.”

భయం. నేను ఆ మాట తెలుగులో ఎవరితోనూ అన్నదాన్ని కాను. ఇంట్లో అంటే కంగారు పడతారని, బయట అంటే నవ్వుతారని. ఆ గదిలో, పరాయి భాషలో, తోకలేని ఉత్త మాట ఒకటి బయటికొచ్చింది.

“నానిగా?” దేనికే?

“జెంబు.” అన్నిటికీ.

రాజమణి కుర్చీ నా వైపు జరుపుకుంది. “వతాషి మొ,” అంది. నాకూనూ. తర్వాత కిటికీ వైపు చూసి, చెయ్యి కళ్లకు అడ్డం పెట్టుకుని, “బసు, కొనై నె,” అంది, బస్సు రాదేందే అన్నట్టు. నేనూ కిటికీ వైపు చూశాను. “కొనై,” అన్నాను. అక్కడ నిజంగానే ఏ బస్సూ లేదు, ఒక ఉడుత ఉంది. ఉడుత ఉంది అన్నాను. చిన్నది అంది రాజమణి. కాదు, లావుగా ఉంది అన్నాను. అలా గంట కొట్టేదాకా మాట్లాడాం. మధ్యలో నేను రెండు క్రియలు తప్పు పలికాను. ఆపలేదు, అంతే.

ఒంటిగంటకు లిస్టు పెట్టారు. నేను మెట్ల మీదే కూర్చున్నాను. రాజమణి వెళ్లింది. బోర్డు ముందు చాలాసేపు నిలబడింది, వెనక్కి తిరగలేదు. పోయిందనుకున్నాను. తప్పు నాదా, ఆవిడదా అని వెతుకుతున్నాను. చివరికి నేనే వెళ్లి పక్కన నిలబడ్డాను. చిట్టచివర మా ఇద్దరి పేర్లు, పక్కన మార్కులు, పాసుకు సరిగ్గా ఎన్ని కావాలో అన్నే.

“ఈ బోర్డుకు లిస్టులు నేనే అంటిస్తుంటి,” అంది రాజమణి. “గోందు డబ్బా పట్టుకొని, ఎండల. పిల్లలు నా భుజాల మీదికెళ్లి తొంగిచూసి ఏడ్సుకుంట పోతుండ్రి, ఎగురుకుంట పోతుండ్రి. నాకేం సమజయ్యేది కాదు, గింత కాయితానికి గంత లొల్లెందుకని.” తన పేరు మీద వేలు పెట్టింది. “ఇగ జూడు, నాకు గూడ కాళ్లు వణుకుతున్నయ్.”

అప్పుడు ఆకలి వేసింది. మెట్ల మీద కూర్చుని డబ్బాలో మిగిలిన సర్వపిండి అంతా నేనే తిన్నాను. “ఇంకొకటి ఉందా?” అని అడిగాను. ‘ఉందా అండీ’ అనలేదని ఇద్దరమూ గమనించాం. రాజమణి మూతి తిప్పి, ఖాళీ డబ్బా బోర్లించి చూపించింది.

తిరుగు ప్రయాణానికి మూడింటికి తార్నాక మెట్రో ఎక్కితే సరిపోతుంది. నాలుగుంపావుకు సికింద్రాబాద్‌లో బండి. నా కిటికీ సీట్లో ఒకాయన కాళ్లు చాపుకుని నిద్రపోతున్నాడు. టికెట్టు చేతిలో ఉంది. లేపాలని రెండుసార్లు దగ్గరికి వెళ్లాను. మర్యాద రూపంలో కూడా మాట రాలేదు. కాజీపేట దాకా తలుపు దగ్గర నిలబడే ఉన్నాను. ఆయన అక్కడ దిగిపోతూ, “ఈ సీటు మీదా అమ్మా? చెప్పొద్దూ!” అన్నాడు. “పర్లేదండి,” అన్నాను.

ఈ ప్రయాణంతో భయం పోతుందని ఎవరైనా అనుకుంటే, పోదు. రెండో కోర్సు తరగతులు ఆ గదిలోనే జరుగుతాయి, నెలకొకసారి వెళ్లాలి, ఆ కుక్కలు అక్కడే ఉంటాయి. మొదటి రోజే ఒక కథ పైకి చదివిస్తారట. అది తలచుకుంటే ఇప్పుడే అరచేతులు తడుస్తున్నాయి.

మహబూబాబాద్ దాటాక డైరీ తీశాను. పదేళ్లుగా దాదాపు ప్రతి పేజీలోనూ ‘ఈ రోజు భయమేసింది’ అనే మాట ఎక్కడో ఒకచోట ఉంటుంది. ఈ రోజు కూడా అదే రాయబోయి, కలం ఆపి, ఇలా రాశాను: ‘భయమేస్తోందని రాజమణికి చెప్పాను.’