పెరట్లో కరిగిన సీసం

ఆమె రాష్ట్ర ఆరోగ్య శాఖలో ఇన్‌స్పెక్టరు. బోరు నీళ్లు పట్టి పరీక్షకు పంపడం, కాలువ గట్ల మీద మట్టి తవ్వడం, పొగగొట్టాల కింద నిలబడి దగ్గడం, జనానికి చేటు చేసేవాటిని మూయించడం ఆమె పని. ఎక్కడ కంపు పుడితే అక్కడ ప్రత్యక్షమయ్యేది కాబట్టి ఊరు ఆమెకు ముక్కమ్మ అని పేరు పెట్టింది. ఆమె కూడా ఏమీ అనుకోకుండా, తలుపు తట్టినప్పుడల్లా "నేనేనండీ, ముక్కమ్మని" అనేది.

ఊరంతా పసిగట్టే ఆ ముక్కు సొంత అక్క ఇంట్లో మాత్రం పని చెయ్యలేదు.

తల్లి పోయాక ఆమెను పెంచింది అక్కే. బావ ఆమెను సైకిలు మీద ఎక్కించుకుని పరీక్షలకు తీసుకెళ్లి, బయటికొచ్చేదాకా ఎండలో నిలబడేవాడు. ఆ బావే ఇప్పుడు పెరట్లో రేకుల షెడ్డు వేసి, పాత బ్యాటరీలు పగలగొట్టి, సీసం కరిగించి దిమ్మలు పోస్తున్నాడు. వీధిలో సగం మంది మగవాళ్లకు ఆ షెడ్డే ఆధారం. "మీ బావది పాత ఇనుము వ్యాపారం" అని అక్క అంటే ముక్కమ్మ సరేననుకుంది. అయినవాళ్ల గుమ్మంలోకి అడుగు పెట్టేటప్పుడు అధికారాన్ని చెప్పులతో పాటు బయటే వదిలేసేది.

ఒక సెలవునాడు వెళ్తే, అక్క కూతురు చిట్టి కడుపు పట్టుకుని మూలన ముడుచుకుని కనబడింది. పెదాల్లో రక్తపు జాడ లేదు.

"ఏమైందే?"

"ఏముంది, రోజూ ఉండేదే" అంది అక్క. "తిండి సహించదు. నిన్న నేర్చుకున్న అక్షరాలు ఇవాళ రావు. టీచరమ్మేమో బద్ధకం అంటోంది."

చిట్టి నోట్లో వేలు పెట్టుకుని, ఆ తడి వేలితో కిటికీ గట్టు మీద పిల్లి బొమ్మ గీసింది. గట్టంతా బూడిద రంగు దుమ్ము. గీత పూర్తికాగానే వేలు మళ్లీ నోట్లోకి పోయింది. ముక్కమ్మ అలాంటి దుమ్మును పక్క ఊళ్లో సీసం కరిగించే కొలిమి దగ్గర ఎన్నిసార్లు తుడిచి పరీక్షకు పంపిందో!

మర్నాడే పిల్లను ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లింది. రక్తంలో సీసం ఉండకూడనంత ఉంది. కడుపునొప్పీ, మతిమరుపూ దానివల్లేనని చెప్పి డాక్టరు వెంటనే చేర్చుకున్నాడు.

ఆసుపత్రి వరండాలో బావ చేతులు పట్టుకున్నంత పని చేశాడు. "షెడ్డు ఇవాళే కడిగిస్తా. పైకి మాత్రం చెప్పకమ్మా. నన్ను నమ్ముకుని ఎన్ని ఇళ్లున్నాయో నీకు తెలియదా?"

"ఆ ఇళ్లల్లోనూ పిల్లలున్నారు బావా."

"నీకు అన్నం పెట్టిన ఇల్లు మాది!"

ఆమె అక్కణ్ణుంచి నేరుగా ఆఫీసుకు వెళ్లి, పై అధికారి ముందు ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన "బంధువుల కేసు కదా, సీలు వెయ్యడానికి ఇంకొకర్ని పంపిస్తాను. నువ్వు దూరంగా ఉండు" అన్నాడు.

"షెడ్డు జోలికి వెళ్లనండీ. వీధిలో పిల్లల్ని పరీక్షలకు తీసుకురావడం మాత్రం నాకు వదిలెయ్యండి. వేరేవాళ్లు పిలిస్తే రారు."

తీరా ఆమె పిలిచినా ఎవరూ రాలేదు. షెడ్డుకు తాళం పడ్డ రోజు నుంచి వీధి వీధంతా ఆమె మొహం మీదే తలుపులు వేసింది. "మా నోటి దగ్గర కూడు లాగేసి, ఇప్పుడు రక్తం కూడా లాగుతావా?" అని ఒకావిడ గడపలోంచే అరిచింది. అక్క అయితే అరవను కూడా లేదు. "పెంచినందుకు బాగానే రుణం తీర్చుకున్నావే" అని లోపలికి వెళ్లిపోయింది. ఆ మాట ముక్కమ్మను చాలాకాలం నిద్రపోనివ్వలేదు.

అయినా వెళ్తూనే ఉంది. శాఖవాళ్లు పెరట్లో మట్టి గీకి, మూటలు కట్టి లారీలకెత్తుతుంటే ఆమె ఇంటింటికీ తిరిగింది. చివరికి షెడ్డులో పనిచేసిన ఒక మనిషి తన కొడుకును భుజాన వేసుకుని వచ్చి, "వీడికీ కడుపునొప్పేనమ్మా" అన్నాడు. వాడి రక్తంలోనూ సీసం తేలింది. ఆ కబురు పాకాక తలుపులు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. తిట్టినావిడ తన ఇద్దరు పిల్లల్నీ తీసుకొచ్చింది గానీ, ముక్కమ్మ వైపు చూడలేదు.

చిట్టి ఇంటికొచ్చాక కూడా పరీక్షలు తప్పలేదు. ఒకసారి అక్కే పిల్లను తీసుకుని ఆసుపత్రికి వచ్చింది. బల్ల మీద చెల్లెలికి కాస్త ఎడంగా కూర్చుంది. నర్సు సూది తియ్యగానే పిల్లను ఇటు తోసి, "నువ్వు పట్టుకో. నేను చూడలేను" అంది. అన్నాళ్లకు ఆమె నోట వచ్చిన మొదటి మాట అది.

సీసం తగ్గుముఖం పట్టిందని డాక్టరు చెప్పాడు. "మరి చదువు?" అని అక్క అడిగితే, "పోయిందంతా తిరిగొస్తుందని చెప్పలేనమ్మా. ఓపిగ్గా చెప్పించండి" అన్నాడు.

బావ ఇప్పుడు ఒక గోదాములో బస్తాలు మోస్తున్నాడు. మరదలు వస్తే పెరటి గుమ్మంలోంచి బయటికి వెళ్లిపోతాడు. ముక్కమ్మ మాత్రం పనవ్వగానే వెళ్లి, చిట్టిని పక్కన కూర్చోబెట్టుకుని అక్షరాలు దిద్దిస్తుంది. పిల్ల 'క' రాసి, 'ఖ' దగ్గర ఆగి, పిన్ని మొహంలోకి చూస్తుంది. పిన్ని మళ్లీ మొదటి నుంచి చెబుతుంది.