వాగు అవతలి చెట్లు

పోయిన మంగళవారం పొద్దున ఆఫీసుకు వెళ్తూ ట్రైన్‌లో ఉండగా వెల్లింగ్టన్ నుంచి వదిన ఫోన్ చేసింది. "అన్న లేడమ్మా" అంది. గుండె ఆపరేషన్ జరిగిన మూడో రోజు అది. నేను దిగాల్సిన స్టేషన్ దాటిపోయింది. తర్వాతి స్టేషన్లో దిగి, ఎవరికి చెప్పుకోవాలో తెలియక చాలాసేపు బెంచీ మీదే కూర్చున్నాను.

ఆయన నాకు బంధువు కాదు. చదువయ్యాక వెల్లింగ్టన్‌లో నాకు దొరికిన మొదటి ఉద్యోగంలో పక్క డెస్క్ ఆయనది. పటాలు తయారుచేయడం మా పని. నాది విజయనగరం, ఆయనది వరంగల్ వైపు. "సార్ అనకు, ముసలోణ్ని అయిపోయినట్టుంటది. అన్న అను" అన్నాడు మొదటి రోజే. ఏ పటం మొదలుపెట్టినా ముందు ఒకే ప్రశ్న అడిగేవాడు: "ఇక్కడ ఎవరుంటరు?" నాకు తెలియకపోతే, తెలుసుకుని వచ్చేదాకా కంప్యూటర్ ముట్టనిచ్చేవాడు కాదు.

ఆ ప్రశ్న ఆయనకు అలవాటైంది ఒక తప్పు తర్వాతని నాకు ఆలస్యంగా తెలిసింది.

సోలమన్ దీవుల్లోని ఒక చిన్న దీవిలో అడవి ప్రభుత్వానిది కాదు, ఒక్కో వంశానిది. తల్లి నుంచి కూతురికి వస్తుంది. అక్కడ ఒక వంశం వాళ్లు కలప కంపెనీని కాదన్నారు. అడవిని నరకకుండా, బాదం లాంటి గింజలు ఏరుకుని, తేనె తీసి బతుకుదామని తీర్మానించుకున్నారు. చట్టం అండ దొరకాలంటే హద్దుల పటం కావాలి. మా ఆఫీసులో పనిచేసే ఆ వంశపు అమ్మాయి అడిగితే, అన్న తన సెలవుల్లో వెళ్లి గీసిస్తానన్నాడు.

మొదటిసారి వెళ్లినప్పుడు వాన పట్టుకుంది. తిరుగు పడవ టైమ్ అయిపోతోంది. హద్దు వెంట నడుద్దాం రమ్మని ఊరి పెద్దావిడ పిలిచినా, ఉపగ్రహం ఫొటోలో కనిపించే వాగునే హద్దుగా గీసి వచ్చేశాడు. వాగు అవతల కూడా వాళ్ల గింజల చెట్లున్నాయి. పక్క వంశం వాళ్లు కంపెనీకి సంతకం పెట్టారు. అన్న గీసిన పటమే చూపించి కంపెనీ వాగు ఒడ్డు దాకా నరికేసింది.

అప్పటి సంగతి వదిన చెప్పింది. రెండు రోజులు అన్నం ముట్టలేదట. "ఇంక అటు పోకు. ఏ మొహం పెట్టుకొని పోతవ్?" అని ఆమె అంటే, "ఈ మొహమే పెట్టుకొని పోవాలె. వేరేది లేదు గద" అన్నాడట.

వెళ్లాడు. మొదటి రోజు పెద్దావిడ పలకరించలేదు. రెండో రోజు నరికేసిన మొద్దుల దగ్గరికి తీసుకెళ్లి, ఒక్కొక్కటీ ఎవరి చెట్టో, ఎవరు పుట్టినప్పుడు నాటిందో చెప్పింది. అన్ని పేర్లూ రాసుకోమంది. తర్వాత ఒక్క మాటే అంది: "ఇప్పుడు నడువు." పదకొండు రోజులు ఆమె ముందు, అన్న వెనక. మధ్యలో జ్వరం వస్తే ఒక గుడిసెలో పడుకోబెట్టి, తగ్గాక మళ్లీ లేపింది.

కొత్త పటంతో పని అయిపోలేదు. అభ్యంతరాలు, వాయిదాలు, కోరం లేక రద్దయిన మీటింగులు, మళ్లీ మళ్లీ అడిగిన కాగితాలు. నేను చేరేసరికి అది ఏళ్లుగా నడుస్తోంది. సాయంత్రం బస్ స్టాప్‌లో గాలికి నిలబడలేక గోడకు ఆనుకుని, "అలసిపోయిన్రా" అనేవాడు.

"ఇంక మానేయొచ్చు కదా అన్నా, వేరే ఎవరైనా చూసుకుంటారు" అన్నాను ఒకసారి.

"మానేస్తే, ఆ ముసలామె మళ్లొకనికి హద్దు చూపెట్టనీకి అంత దూరం నడవాలె. ఆమెకు మోకాళ్లు సక్కగ లేవు" అన్నాడు.

చివరికి, నేను ఉద్యోగం మారి ఇప్పుడుంటున్న టకానినికి వచ్చేశాక, ఆ అడవికి రక్షణ వచ్చింది. ఆ ఊరి ఆడపిల్లలే ఇప్పుడు అడవికి కాపలాదారులు. ఫోన్ చేసి కంగ్రాట్స్ చెప్పాను. "సంతోషమే. కొట్టేసిన చెట్లయితే తిరిగి రాలే గద" అన్నాడు. ఆయన ఓదార్పు కోసం ఆ మాట అనలేదు.

ఆపరేషన్‌కి ముందు మాట్లాడినప్పుడు, "తగ్గినంక దీవికి పోదాం, నువ్వు కూడా రా. పటంల చూస్తే ఏం తెల్వది" అన్నాడు. నాకు లీవ్ లేదని చెప్పాను. నిజానికి ఉంది. అంత దూరం వెళ్లే ఓపికే లేదు. ఆయన అలసటతోనే అన్నేళ్లూ వెళ్లొచ్చాడని ఇప్పుడనిపిస్తోంది.

అంత్యక్రియలకు వెళ్లాను. ఆయన కూతురు ఇంగ్లీషులో నాలుగు మాటలు చెప్పి, చివర "నాన్నా, చాలు, రెస్ట్ తీస్కో" అని తెలుగులో అంది. పెద్దగా ఏడ్చింది అప్పుడే, మేమందరం.

దీవికి కబురు చేరాక ఆఫీసు అమ్మాయికి ఒక ఫొటో వచ్చింది. ఆమె నాకు పంపింది. ఇది గింజలు రాలే కాలమే అయినా ఆ రోజు ఎవరూ అడవిలోకి వెళ్లలేదట. పెద్దావిడ ఇంటి ముందు గింజలు ఏరుకునే అల్లిక బుట్టలన్నీ వరసగా బోర్లించి ఉన్నాయి. వాటి మీద సన్నగా వాన పడుతోంది.