లిఫ్టులో ఏడ్చింది ఎవరు?

తొంభైల చివర, రిటైరయ్యాక, మాదాపూర్‌లో కొత్త అద్దాల మేడకు లిఫ్ట్ ఆపరేటర్‌గా చేరాను. మా చర్చిలో సంఘ పెద్దను కూడా. ఓ రోజు లిఫ్టు మధ్యలో ఆగి, మా సంఘానిదే అయిన స్వీపర్ సాయమ్మా నేనూ ఇరుక్కున్నాం.

ఆదివారం చర్చిలో సాక్ష్యం చెబుతూ, "ఏడుస్తున్న సాయమ్మకు ధైర్యం చెప్పి ప్రార్థించాను, లిఫ్టు కదిలింది" అన్నాను. అందరూ స్తోత్రం అన్నారు.

ఆరాధన ముగిశాక సాయమ్మను అడిగాను. "అబద్ధమని లేచి చెప్పొచ్చుగా?"

"నేనెందుకు తాతా? నీ సంగతి దేవునికి ఇడిసిపెట్టిన."

నాకు ఒళ్లు మండింది. చెప్పులేసుకుంటున్న వాళ్లందరినీ ఆపి చెప్పాను: ఏడ్చింది నేను, బటన్లన్నీ గుద్దింది నేను, ప్రార్థించింది ఆమె.

పాస్టరుగారు నా తగ్గింపు మనసును మెచ్చుకున్నారు. తగ్గింపూ లేదు, ఏమీ లేదు, సాయమ్మ మీద పంతంతో చెప్పాను. ఇప్పటికీ దేవునికి తేలిగ్గా లొంగను. ఆయనే వచ్చి నా మెడలు వంచాలి.